ఎలుకను తినేవారిపై ఏవగింపు, ఎలుక పురుగులపై ఉపేక్ష

వరికోతల కాలంలో పొలంగట్ల వెంట బొరియలు త్రవ్వి, పొగపెట్టి, బుట్టలు పెట్టి ఎలుకలను పట్టే యానాది కుటుంబాలను కోస్తా జిల్లాలవారు చాలామంది చూచి ఉంటారు. వారి వలన రైతుకు కలిగే మేలు అందరికీ తెలిసినదే. పట్టిన ఎలుకలను వారు కాల్చి, కూర వండుకొని తింటారన్న సంగతి కూడా తెలిసినదే. ఈ రెండవ సంగతి ప్రస్తావనకు రాగానే చదువుకున్నవారి ముఖాలు చిట్లుతాయి. "అందుకే వాళ్ళకు అన్ని రోగాలు" అనే తీర్పు వెలువడుతుంది. "ఎలుక ఒంటినిండా పురుగులేనట గదా డాక్టరు గారూ" అని నన్ను అడిగేవారిలో చాలామంది సమాధానం కోసం అడగరు. తమ తీర్పుకు ఒక వైద్యుని ముద్ర వేయించుకోవడానికి అడుగుతారు.

ఆ ముద్ర నేను వేయలేను. ఎలుకలలో పురుగులు ఉన్న మాట నిజం. వాటిలో కొన్ని మనుష్యులకు సోకుతాయన్న మాటా నిజం. కాని ఆ పురుగులు మన శరీరంలోనికి వచ్చే దారులు నిప్పుమీద ఉడికిన ఎలుక మాంసం గుండా పోవడం లేదు. అవి ముఖం చిట్లించుకొనేవారి పెరటి గుండా, పిండి డబ్బా గుండా, సలాడ్ పళ్ళెం గుండా పోతున్నాయి. మనం ఒకరిని వేలెత్తి చూపుతూ ఉన్నంతకాలం మన ఇంటి దారులు తెరచియే ఉంటాయి. ఈ వ్యాసంలో అటువంటి మూడు దారులను, మూడు పురుగులను మాత్రమే తీసుకుంటాను. ఎలుకలలో ఉండే పురుగులు ఇంకా ఎన్నో ఉన్నా, నా వాదనకు ఈ మూడు చాలును.

మొదటి పురుగు : పిండి డబ్బాలోని బద్దెపురుగు

ఎలుకల చిన్న ప్రేగులలో నివసించే ఒక బద్దెపురుగు పేరు హైమెనోలెపిస్ డిమిన్యూటా. పెరిగిన పురుగు 20 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దీని గ్రుడ్లు ఎలుక మలంతో బయటకు వస్తాయి. కాని ఆ గ్రుడ్లను మనం మ్రింగితే మనకు ఈ పురుగు సోకదు. ముందుగా ఆ గ్రుడ్లను ఒక కీటకం తినాలి. ధాన్యంలో, రవ్వలో, పిండిలో తిరిగే పెంకుపురుగులు, ఎలుకల మీద ఉండే గోమార్లు, వాటి పిల్లపురుగులు ఈ గ్రుడ్లను తింటాయి. కీటకం శరీరంలో గ్రుడ్డు పగిలి, చిన్న తిత్తి వంటి డింభకంగా మారుతుంది. ఆ కీటకాన్ని ఎలుక తింటే ఎలుకలో, మనిషి తింటే మనిషిలో డింభకం పెరిగి పెద్ద పురుగవుతుంది.

మనిషి కీటకాన్ని ఎందుకు తింటాడు? తెలిసి ఎవరూ తినరు. మూత సరిగా లేని డబ్బాలో నెలల తరబడి నిలవ ఉంచిన పిండితో పచ్చి చలిమిడి చేసినప్పుడు, పురుగుపట్టిన ఎండు ఖర్జూరాలను, బొరుగులను పిల్లలకు చిరుతిండిగా పెట్టినప్పుడు, గచ్చుమీద ప్రాకే పసిబిడ్డ చేతికి దొరికిన పురుగును నోటిలో పెట్టుకొన్నప్పుడు ఇది జరుగుతుంది. ఈ పురుగు సోకినవారిలో అధికులు పిల్లలు కావడానికి కారణం ఇదే. బాగా ఉడికిన అన్నంలో, కాలిన రొట్టెలో డింభకం బ్రతకదు. కనుక ఇక్కడ దోషం ధాన్యానిది కాదు, పిండివంటలదీ కాదు. ఎలుక తిరిగే చోట ధాన్యాన్ని విప్పి ఉంచడం, ఆ ధాన్యపు పిండిని వండకుండా తినడం, ఈ రెండూ కలిసినప్పుడే పురుగుకు దారి ఏర్పడుతుంది.

ఈ వ్యాధి ప్రాణాంతకం కాదు. చాలామందిలో లక్షణాలే ఉండవు. కొందరు పిల్లలలో కడుపునొప్పి, విరేచనాలు, ఆకలి మందగించడం, చికాకు కనిపిస్తాయి. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మన దేశంలో 2015 నుంచి ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం జరుపుతున్నారు. ఒకటి నుంచి 19 ఏళ్ళ వయస్సు గల పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఇది మంచి కార్యక్రమం, దీనిని నేను ఎప్పుడూ సమర్థిస్తాను. కాని ఆ కార్యక్రమం మట్టి ద్వారా సోకే ఏలికపాములను, కొంకిపురుగులను, కొరడాపురుగులను ఉద్దేశించినది. ఎలుక బద్దెపురుగుకు వాడవలసిన మందు వేరు, దాని పేరు ప్రాజిక్వాంటెల్. ఏడాదికి రెండు మాత్రలు మ్రింగించాము గనుక బిడ్డ కడుపులో ఇక ఏ పురుగూ ఉండదని నమ్మే తల్లిదండ్రులను తప్పుపట్టను. ఆ నమ్మకాన్ని సరిదిద్దకుండా, మలపరీక్ష వ్రాయకుండా, వచ్చిన ప్రతి కడుపునొప్పికీ అదే మాత్రను మళ్ళీ మళ్ళీ చేతిలో పెట్టే మా వృత్తివారిని తప్పుపడతాను. సూక్ష్మదర్శిని క్రింద ఈ పురుగు గ్రుడ్డును గుర్తించడం కష్టమైన పని కాదు, ఖరీదైన పనీ కాదు. చూచేవారు లేకపోవడమే లోపం.

రెండవ పురుగు : చచ్చిన ఎలుకను విసరివేసే చోట

ఎలుకల కాలేయంలో ఉండే ఒక సన్నని పురుగు పేరు కాపిల్లేరియా హెపాటికా. దీనికి ఇప్పుడు కాలోడియం హెపాటికం అనే పేరు కూడా వాడుకలో ఉన్నది. ఈ పురుగు జీవితచక్రం విచిత్రమైనది. మిగిలిన పురుగుల గ్రుడ్లు మలంతో బయటకు పోతే, దీని గ్రుడ్లు కాలేయంలోనే చిక్కుకొని ఉంటాయి. ఎలుక బ్రతికి ఉన్నంతకాలం అవి బయటకు రావు. ఎలుక చచ్చి దాని శరీరం మట్టిలో కుళ్ళినప్పుడు, లేదా కుక్కో పిల్లో ఆ ఎలుకను తిని మలవిసర్జన చేసినప్పుడు అవి బయటపడతాయి. అప్పటికి కూడా అవి సోకగల స్థితిలో ఉండవు. గాలి, తేమ గల మట్టిలో కొన్ని వారాలు గడచిన తరువాతే వాటిలో పిండం రూపొందుతుంది. అటువంటి గ్రుడ్లు మట్టిచేతులతో నోటిలోనికి పోయిన మనిషికి జ్వరం, కాలేయం పెరగడం, రక్తంలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా హెచ్చడం కలుగుతాయి. ఇది చాలా అరుదైన వ్యాధి. వచ్చినప్పుడు మాత్రం తీవ్రమైనది, అందులోనూ మట్టితినే చిన్నపిల్లలలో.

పాఠకులు ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించాలి. ఈ పురుగు ఉన్న ఎలుక కాలేయాన్ని ఒక మనిషి తిన్నాడనుకోండి. ఆ గ్రుడ్లు పక్వం కానివి గనుక అతని ప్రేగుల గుండా ప్రయాణించి మలంలో బయటకు పోతాయి. అతనికి కాలేయవ్యాధి రాదు. మలపరీక్షలో గ్రుడ్లు కనిపించినా వ్యాధి ఉండని ఈ స్థితిని వైద్యగ్రంథాలు మిథ్యాసంక్రమణంగా వర్ణిస్తాయి. అంటే ఎలుకను వండుకొని తిన్నవాడు ఈ పురుగు నుంచి క్షేమంగా ఉంటాడు. బోనులో పడి చచ్చిన ఎలుకను తోకపట్టుకొని గోడ అవతల పెంటకుప్పమీదికి విసరివేసిన మర్యాదస్థుని ఇంటి పిల్లలు, ఆ గోడ అవతల ఆడుకొనే పిల్లలు క్షేమంగా ఉండరు.

మన ఊళ్ళలో, పట్టణాలలో చచ్చిన ఎలుక గతి ఏమిటో అందరికీ తెలుసు. వీధిలోనికి విసరితే కాకి తన్నుకుపోతుంది, కుక్క లాగుతుంది, మోటారు బండ్లు తొక్కుతాయి. మురుగుకాలువలో పడవేస్తే పారిశుద్ధ్య కార్మికుడు వట్టిచేతులతో తీస్తాడు. ఎలుకమందు పెట్టి చంపితే ఆ ఎలుకను తిన్న గుడ్లగూబ, జెర్రిపోతు కూడా విషానికి లోనవుతాయి. రోజూ ఎలుకలను ఉచితంగా తినే కాపలాదారులను చంపుకొని, మరుసటి నెల మరొక ఎలుకమందు పొట్లం కొనుక్కొంటాము. చచ్చిన ఎలుకను చేతికి సంచి తొడిగి తీసి, కుక్కలు త్రవ్వలేనంత లోతున పాతిపెట్టడానికి పట్టే సమయం పది నిమిషాలు. ఆ పది నిమిషాలు వెచ్చించనివారికి ఎలుకను తినేవారి శుభ్రతను గురించి మాట్లాడే అధికారం లేదు.

మూడవ పురుగు : పచ్చిగా తినేవారి మెదడులో

మూడింటిలో అతి ప్రమాదకరమైనది ఎలుక ఊపిరితిత్తుల పురుగు. శాస్త్రీయ నామం ఆంజియోస్ట్రాంగైలస్ కాంటొనెన్సిస్. చైనాలోని కాంటన్ నగరపు ఎలుకలలో దీనిని 1935లో వర్ణించారు గనుక ఆ పేరు వచ్చింది. మనుష్యునిలో ఈ పురుగును మొదట గుర్తించినది తైవాన్‌లో, 1945లో.

పెద్ద పురుగులు ఎలుక గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే రక్తనాళాలలో ఉంటాయి. వాటి గ్రుడ్లు ఊపిరితిత్తులలో పొదుగుతాయి. పుట్టిన డింభకాలు శ్వాసనాళం గుండా పైకి వచ్చి, ఎలుక మ్రింగగా ప్రేగులలోనికి పోయి, మలంతో బయటపడతాయి. ఆ మలాన్ని తిన్న నత్తలలో, గుల్ల లేని నత్తలలో డింభకాలు రెండుమార్లు పొరవిడిచి సోకగల స్థితికి వస్తాయి. ఆ నత్తను మరొక ఎలుక తింటే డింభకాలు దాని మెదడుకు చేరి, అక్కడ కొంతకాలం పెరిగి, తిరిగి ఊపిరితిత్తుల నాళాలకు పోతాయి. మనిషి తింటే అవి మెదడు వరకు వస్తాయి గాని అక్కడి నుంచి ముందుకు సాగలేవు. అక్కడే చస్తాయి. చచ్చే పురుగుల చుట్టూ శరీరం చేసే యుద్ధమే ఈ వ్యాధి. మెదడు పొరలలో తాపం పుడుతుంది. తిన్న ఒకటి నుంచి మూడు వారాలలో భరింపరాని తలనొప్పి, మెడ బిగుసుకొనడం, వాంతులు కలుగుతాయి. చర్మం మీద చీమలు ప్రాకినట్లు, బట్ట తగిలినా మంటపుట్టినట్లు ఉంటుంది. కొందరికి ఒకటి రెండుగా కనిపించడం, ముఖం ఒకవైపు వాలడం జరుగుతాయి. చాలామంది కొన్ని వారాలలో కోలుకుంటారు. కొద్దిమంది కోలుకోరు.

ఇప్పుడు ఈ పురుగును తిన్నవారెవరో చూడండి. 2000వ సంవత్సరంలో అమెరికా నుంచి జమైకా దీవికి విహారానికి వెళ్ళిన 23 మంది వైద్యవిద్యార్థుల బృందంలో 12 మందికి ఈ వ్యాధి వచ్చింది. విచారణలో అనుమానం ఒక పూట వడ్డించిన ఆకుకూరల సలాడ్ మీదికి పోయింది. 2006లో చైనా రాజధాని బీజింగ్‌లో 160 మంది ఈ వ్యాధికి గురయ్యారు. వారు తిన్నది ఒక భోజనశాలలో సరిగా ఉడకని నత్తల వంటకం. 2010లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 19 ఏళ్ళ యువకుడు మిత్రుల సవాలుకు గుల్ల లేని నత్తను పచ్చిగా మ్రింగి, 420 రోజులు స్పృహ లేకుండా ఉండి, అంగవైకల్యంతో బ్రతికి, 2018లో మరణించాడు. 2008 నాటికి ప్రపంచంలో నమోదైన రోగులు సుమారు 2,800 మంది అయితే వారిలో దాదాపు సగం థాయ్‌లాండ్‌వారు. అక్కడ ఈశాన్య ప్రాంతంలో పచ్చి నత్తలను కారం, పులుపు కలిపి తినే ఆచారం ఉన్నది. నిమ్మరసం పురుగును చంపుతుందని వారూ అనుకొన్నారు.

ఈ జాబితాలో కాల్చిన ఎలుకను తిన్నవారు లేరు. ఉన్నవారందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, పచ్చిది లేదా సగం ఉడికినది తినడం.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 1980ల ఆరంభంలోనే బొంబాయి నగరపు ఎలుకలలో ఈ పురుగును పరిశోధకులు గుర్తించారు. పెద్ద ఎలుకలకు ఆంగ్లంలో వాడే బాండికూట్ అనే మాటయే మన పందికొక్కు నుంచి పుట్టినది. జంతువు పేరును ప్రపంచానికి ఇచ్చినవారము, దాని పురుగు సంగతి మాత్రం పట్టించుకోలేదు. కేరళ నుంచి వైద్య పత్రికలలో వెలువడిన నివేదికలలో ఉడుము మాంసాన్ని పచ్చిగా తిన్న తరువాత ఈ రకపు మెదడు పొరల తాపానికి గురైనవారు ఉన్నారు. ఉడుము నత్తలను తింటుంది, వాటిలోని డింభకాలు ఉడుము శరీరంలో సజీవంగా నిలిచి ఉంటాయి. మన దేశంలో రోగి కంటిలో నుంచి ఈ పురుగును శస్త్రచికిత్సతో తీసిన సందర్భాలు కూడా నమోదై ఉన్నాయి. ఇక నత్తల సంగతి. ఆఫ్రికా పెద్ద నత్తను 1847లో కలకత్తాలోని ఒక తోటలోనికి తెచ్చి వదిలారు. నేడది దక్షిణాదితో సహా దేశంలో అనేక ప్రాంతాలకు వ్యాపించిన పంటచీడ. ఈ పురుగును మోయడంలో అది పేరు పొందిన నత్త. ఎలుక, నత్త, తడి ఆకు, ఈ మూడూ ఉన్న పెరడు మన రాష్ట్రాలలో అరుదు కాదు.

పచ్చిదే అమృతమనే బోధకులకు

నేను వాదానికి దిగుతున్నది ఇక్కడే. ఈ పదేళ్ళలో మన చేతి ఫోనులలో ఒక కొత్త ఆరోగ్య మతం పుట్టింది. నిప్పు తగిలితే ఆహారం చచ్చిపోతుందని, పచ్చి ఆకుల రసం త్రాగితే మధుమేహం నుంచి కాన్సర్ వరకు అన్నీ నయమవుతాయని ఆ మతబోధకులు చెబుతారు. తెల్లవారుజామున పెరటిలో కోసిన ఆకులను అప్పటికప్పుడు రుబ్బి త్రాగాలట. కడిగితే సారం పోతుందని చెప్పేవారు కూడా ఉన్నారు. తెల్లవారుజామున తడి ఆకు వెనుక ఎవరు ఉంటారో ఈ బోధకులు ఒక్కసారైనా ఆకు త్రిప్పి చూచారా? రాత్రంతా మేసి, వెలుగు రాకముందు ఆకుమాటున దాగిన గుల్ల లేని చిన్న నత్త గోరుముక్కంత ఉంటుంది. ఆకులతో పాటు రుబ్బుగిన్నెలో పడితే ఎవరికీ కనిపించదు.

వీరికంటె ముందునుంచి ఉన్నవారు మరికొందరు. ఉడుము నాలుక పచ్చిగా మ్రింగితే ఉడుంపట్టు వంటి బలం వస్తుందని, నత్తలను పచ్చిగా తింటే ఫలానా రోగం పోతుందని నమ్మించేవారు. ఉడుమును చంపడం వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద నేరం. నేరం సంగతి న్యాయస్థానం చూచుకొంటుంది. వైద్యునిగా నేను చెప్పవలసినది, ఆ నాలుకతో బలం రావడానికి ఏ ఆధారమూ లేదు, పురుగు రావడానికి ఆధారం ఉన్నది. మన గోదావరి, కృష్ణా డెల్టాలలో నత్తలను తినే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారు నత్తలను ఉడకబెట్టి, గుల్ల తీసి, కడిగి, మళ్ళీ కూర వండుతారు. చదువురాని ఆ అవ్వల వంటలో ఉన్న విజ్ఞానం లక్షలమంది అనుచరులున్న బోధకుని ప్రసంగంలో లేదు. నత్తలను మూడు నుంచి ఐదు నిమిషాలు మరిగిస్తే డింభకాలు చస్తాయి. ఉప్పునీరు, వెనిగర్, నిమ్మరసం, కారం మీద ఆధారపడరాదు.

"మన పూర్వులు పచ్చివి తినలేదా?" అని అడుగుతారు. తిన్నారు. దోసకాయ చెక్కు తీసి తిన్నారు, ఉల్లిపాయ పొర ఒలిచి తిన్నారు, మామిడికాయ కడిగి తిన్నారు. కాని తోటకూరను, బచ్చలిని, గోంగూరను పచ్చిగా నమిలే అలవాటు తెలుగువారికి ఎన్నడూ లేదు. ఆకుకూర అంటే పప్పులోనో పులుసులోనో ఉడకవలసినదే. కొత్తిమీర, పుదీనా పచ్చళ్ళు చేసుకొనే ముందు ఆకు ఆకూ ఏరే అమ్మలు మనకు తెలుసు. ఆ ఏరడం చాదస్తం కాదు, చికిత్సకంటె ముందు జరిగే చికిత్స. సంప్రదాయం పేరుతో సంప్రదాయంలో లేని దానిని అమ్ముతున్న వారిని సంప్రదాయవాదులని పిలువనక్కరలేదు.

అభ్యంతరాలకు సమాధానం

ఇంత అరుదైన వ్యాధులను గురించి ఇంత గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నయే. ఈ పురుగులు ఇంటింటా పొంచి ఉన్నాయని నేను అనడం లేదు. భయపెట్టడం నా పని కాదు. నా సమాధానాలు రెండు.

మొదటిది, వెదకని వ్యాధి ఎప్పుడూ అరుదుగానే ఉంటుంది. తలనొప్పితో, మెడ బిగుసుకొని వచ్చిన రోగికి వెన్నునీరు తీసి పరీక్షించినప్పుడు అందులోని తెల్లకణాలలో ఇసినోఫిల్ కణాలు ఎన్ని ఉన్నాయో ప్రత్యేకంగా లెక్కించాలి. పదిశాతం, అంతకుమించి ఉంటే పురుగులను అనుమానించాలి. ఆ లెక్క చేయకపోతే రోగికి క్షయవలన వచ్చిన మెదడు పొరల తాపమనో, వైరస్ వలన వచ్చినదనో పేరు పెట్టి పంపించే అవకాశం ఉన్నది. "గత నెలలో పచ్చిగా ఏమి తిన్నారు?" అనే ఒక్క ప్రశ్న ఏ పరికరం లేకుండా అడగవచ్చు. అలాగే ఈ అనుమానం ఉన్న రోగికి పురుగుల మందును తనంత తానుగా కొని వేయకూడదు. మెదడులో పురుగులు ఒక్కసారిగా చస్తే తాపం హెచ్చవచ్చు. నొప్పిని, తాపాన్ని తగ్గించే చికిత్స, స్టీరాయిడ్‌లు, అవసరమైతే పురుగుల మందు, వీటిని నాడీవ్యాధి నిపుణులే నిర్ణయించాలి.

రెండవది, ఈ అరుదైన పురుగులను ఆపే పనులే అరుదు కాని వ్యాధులను కూడా ఆపుతాయి. సరిగా కడగని పచ్చి కూరల ద్వారా పందిమాంసపు బద్దెపురుగు గ్రుడ్లు పోయి మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛలు రావడం మన దేశంలో వైద్యులందరూ చూచే వ్యాధి. శాకాహారులకు కూడా అది వస్తుంది. టైఫాయిడ్, అమీబా విరేచనాలు, ఏలికపాములు అదే ఆకు మీద ప్రయాణిస్తాయి. ఎలుక మూత్రం కలిసిన బురదనీటి ద్వారా వచ్చే ఎలుకజ్వరం వానకాలంలో ఎందరినో పొట్టనపెట్టుకొంటున్నది. అది పురుగు వలన కాదు, సూక్ష్మజీవి వలన వస్తుంది. కాని దానికీ మూలం ఎలుకకు మనం పెట్టే తిండి, ఇచ్చే నీడ.

యానాదుల సంగతి తిరిగి చెప్పాలి. వారికి ఏ ప్రమాదమూ లేదని అనను. ఎలుకలను పట్టేటప్పుడు చేతులకు గాయాలైతే ఎలుకజ్వరం సోకవచ్చు. ఎలుకమందు పెట్టిన పొలంలో పట్టిన ఎలుకలను తింటే ఆ విషం వారికీ చేరవచ్చు. మాంసం సగం కాలితే కండలలో దాగే పురుగుల భయం ఉన్నది. కాని గమనించండి, ఇవి తిండివలన వచ్చే అపాయాలు కంటె పనివలన వచ్చే అపాయాలు. చేతితొడుగులు, కాళ్ళకు బూట్లు, పొలంలో మందు పెట్టామన్న ముందు హెచ్చరిక, గాయానికి సకాలంలో వైద్యం, ఇవి రైతు, ప్రభుత్వం కలిసి ఇవ్వగలిగినవి. మనం వారికి ఇస్తున్నది మాత్రం ఏవగింపు. ఏవగింపు ఏ వ్యాధికీ మందు కాదు.

ఎవరు ఏమి చేయాలి

ఇళ్ళవారు ధాన్యాన్ని, పిండిని గట్టి మూత గల లోహపు డబ్బాలలో ఉంచాలి. గోనెసంచులు గోడకు ఆనకుండా, నేలకు తగలకుండా పీటలమీద పెట్టాలి. పురుగుపట్టిన నిలవ పిండిని పచ్చిగా తినే పదార్థాలకు వాడకూడదు. ఆకుకూరలను కట్టగా నీటిలో ముంచి తీయకుండా, కట్ట విప్పి, ఆకు ఆకూ రెండు వైపులా పారే నీటిలో కడగాలి. వీలైనంతవరకు వండి తినాలి. నత్తలను వట్టిచేతులతో తాకకూడదు, పిల్లలను వాటితో ఆడనీయకూడదు. చచ్చిన ఎలుకను లోతుగా పాతిపెట్టాలి.

వసతిగృహాలను, మధ్యాహ్న భోజన పథకాన్ని నిర్వహించే అధికారులు బియ్యం ఎన్ని బస్తాలు వచ్చాయన్న లెక్కతో పాటు ఆ బస్తాలున్న గదిలో ఎలుక కన్నాలు ఎన్ని ఉన్నాయో కూడా చూడాలి. పిల్లవాని పళ్ళెం వద్ద తనిఖీ చేసేవారు గిడ్డంగి తలుపు తీసి చూడకపోతే ఆ తనిఖీ సగం తనిఖీయే. పురపాలక సంఘాలు హోటళ్ళ ఎంగిలిని, కోళ్ళ దుకాణాల వ్యర్థాలను రాత్రి గడవక ముందే తొలగించాలి. ఎలుకల సంఖ్యను నిర్ణయించేది మనం పెట్టే మందు కాదు, వాటికి దొరికే తిండి.

వైద్యులు మలపరీక్షను, వెన్నునీటిలో ఇసినోఫిల్ లెక్కను, ఆహారాన్ని గురించిన ప్రశ్నను మరచిపోకూడదు. ఆరోగ్యశాఖవారు నులిపురుగుల దినం నాడు మాత్రతో పాటు ఒక మాట కూడా చెప్పాలి, ఈ మాత్ర అన్ని పురుగులకూ కాదని, చేతులు కడగడం, కూర కడగడం, గిన్నె మూయడం మాత్రకంటె పెద్ద మందులని.

పచ్చిదే ఆరోగ్యమని బోధించేవారికి నాదొక విన్నపం. మీ తదుపరి ప్రసంగంలో ఆకును రుబ్బే ముందు కెమెరా ఎదుట ఆ ఆకును త్రిప్పి చూపండి. ఎలా కడగాలో చూపండి. ఏ ఆకును ఉడికించియే తినాలో చెప్పండి. చెప్పలేకపోతే, మీ మాట విని త్రాగినవారికి జబ్బు చేసిన నాడు ఆ బాధ్యత మీదేనని ఒప్పుకోండి.

మనిషి నిప్పును కనుగొన్న నాటి నుంచి అది అతనికి తోడుగా ఉన్న వైద్యుడు. పొలంగట్టు మీద ఎలుకను కాల్చుకొని తినేవాడు ఆ వైద్యుని మాట వింటున్నాడు. ముక్కు మూసుకొని పక్కనుంచి పోతూ, చేతిలో కడగని ఆకుల రసం పట్టుకొన్నవాడు వినడం లేదు. వీరిద్దరిలో ఆరోగ్యబోధ ఎవరికి కావాలో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.